ఎదురెదురుగా నిలబడి

గద్వాల,
భాద్రపదం, ఆదివారం పొద్దున

చిరంజీవి సౌభాగ్యవతి అలివేలుకు, మీ వదిన జమ్ములమ్మ దీవెనలు.

పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పెద్ద కాగితం ముందర పెట్టుకోవడం ఇదే. ఎందుకు పెట్టుకున్నానో మొదలే చెప్తాను. మొన్న ఫోన్‌లో నువ్వు అనాలనుకున్నదంతా అని, నేను నోరు తెరిచేలోపల పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఎత్తినా నేను మాట్లాడగలిగేదాన్ని కాదు. నీ పుట్టిల్లు నీకు తెలియనిదా? మగ్గం గది, దాని వెనక వంటగది. మగ్గం నడిచినన్నాళ్ళు ఆ చప్పుడు చాటున ఏ మాటైనా చెప్పుకున్నాం. ఇప్పుడు మగ్గం ఆగిపోయింది. వంటగదిలో గిన్నె జరిపినా మీ అన్నకు వినబడుతుంది. కాగితానికి చప్పుడు లేదు.

నువ్వన్న మాట నీకు గుర్తుండకపోవచ్చు. నాకుంది. "నెత్తి నెరిసినంక మా అన్నతోని డ్యాన్సులాడిపిస్తున్నవా వదినె? మా ఇంటి పరువు వనపర్తి బజార్ల పెట్టినవ్. సంధ్య పెండ్లిల మేనమామ లెక్క దినేష్ నిలబడతడు. మీరు వస్తే రాండ్రి, తిని పోండ్రి."

దినేష్ మీ చిన్నాయన కొడుకు. మంచివాడే. కానీ పెండ్లికూతురి చెయ్యి పట్టుకుని మండపానికి నడిపించుకొచ్చేది సొంత మేనమామ. సంధ్య నీ కడుపున పడ్డప్పటి నుంచి మీ అన్న ఆ నడక కోసం ఎదురు చూస్తున్నాడు. నీ బిడ్డ కట్టుకునే చీర ఆయన నేసిందే, నా పెట్టెలో ఉంది. ఇంత ఆశ పెట్టుకున్న మనిషిని ఒక్క మాటతో పక్కకు తోశావు. ఆయనకు నేనింకా చెప్పలేదు. ఎట్లా చెప్పాలో నువ్వే చెప్పు.

ఇదంతా మా భజన గుంపులోని బుజ్జమ్మ పెట్టిన మంట అని నాకు తెలుసు. ఆమె వనపర్తిలో తన చెల్లెలింటి డాబా మీద బట్టలు తియ్యడానికి ఎక్కి, ఎదురు మేడ గదిలో మమ్మల్ని చూసిందట. శనివారం భజనకు పోయి నేను తాళాలు చేతికి తీసుకున్నానో లేదో, "గిట్లియ్యి వదినె" అని చెయ్యి చాపింది.

"ఎందుకు బుజ్జమ్మా?" అన్నాను.

"అవే చేతులతోని మొగుని మెడ పట్టుకొని ఎగిరి, మల్ల అవే చేతులతోని దేవునికి తాళం కొడ్తవా?"

వెనక నుంచి ఎవరో, "ఏం పాట పెట్టిండ్రక్కా? జర మాక్కూడ నేర్పియ్యి" అన్నారు. అందరూ నవ్వారు. నేను తాళాలు ఇచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చి బియ్యం ఏరుతుంటే అప్పుడు వచ్చింది కోపం. నా కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. వచ్చేసరికి ఎదురుగా ఎవరూ ఉండరు.

ఎవరి మెడ పట్టుకున్నాను అలివేలూ? పెద్దల ముందు నాకు పుస్తె కట్టిన మనిషి మెడ. మా వాడకట్టులో భార్యను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చిన మొగుడు ఉన్నాడు. ఆ రోజు ఇదే బుజ్జమ్మ, "మొగుడు పెండ్లాల నడుమ మనకెందుకు" అని తలుపు వేసుకుంది. ఈడిస్తే ఎవరికీ పట్టదు. భుజం మీద చెయ్యి వేస్తే ఊరంతా కిటికీలోంచి చూస్తుంది.

మేము ఎగరలేదు కూడా. దాని పేరు టాంగో. అర్జెంటీనా అనే దేశంలో పుట్టింది. నేలకు పాదం తాకిస్తూ నడవడమే దాంట్లో మొదటి పాఠం, చివరి పాఠం కూడా అదేనంటుంది మాకు నేర్పే పిల్ల. మేము ప్రతి ఆదివారం అక్కడికి పోవడానికి కారణం ఉంది. అది నేను నోట చెప్పలేను. నా మీద నమ్మకముంటే అడగకు.

మీ వదిన,
జమ్ములమ్మ

*

నాగర్‌కర్నూల్,
బతుకమ్మ పండుగ ముందర

వదినెకు అలివేలు నమస్కారాలు.

నీ కాగితం అందింది. నువ్వింత మాట్లాడతవని నాకు తెల్వదు. ఇన్నేండ్లల్ల నీ నోట గన్ని మాటలు ఒక్కపారి ఇనలే.

కారణముంది, చెప్పను అంటవ్. చెప్పని కారణం నాకెందుకు? నేనేం బుజ్జమ్మనా, బయటోళ్ళ లెక్క దాచిపెట్టనీకి? నువ్వు అడిగినవ్ కాబట్టి నేను కూడ అడుగుత. నిశ్చితార్థం నాడు ఏమైంది? మా అన్న గడప కాడికొచ్చి నిలబడిండు. "లోపలికి రా అన్నా" అని ఎంత పిల్చినా అడుగు పెట్టలే. నా మీద ఏం కోపమో చెప్పలే. పసుపు కుంకుమ పళ్ళెం చేతికిస్తె కింద పడేసిండు. పెండ్లికొడుకు తరపోళ్ళు ఒకళ్ళ మొఖాలు ఒకళ్ళు చూసుకున్నరు. మా ఆడబిడ్డ నా చెవుల "మీ అన్న పొద్దుగాల్నే తాగుతడా?" అన్నది. నేను ఎక్కడ తల పెట్టుకోవాలె? నువ్వు పక్కనే ఉన్నవ్. కుంకుమ ఎత్తినవ్ గాని ఒక్క మాటనలే.

గా మాట మింగిన. నెల తిరగకముందే ఆ మనిషే వనపర్తిల పాటలు పెట్టుకొని డ్యాన్సు చేస్తుండు అని ఫోనొచ్చింది. నా ఇంటి గడప తొక్కనీకి కాళ్ళు రాలేదు, డ్యాన్సుకు వచ్చినయా వదినె? నా బిడ్డ పెండ్లికి చెయ్యి రాలేదు, నీ నడుం మీద వేయనీకి వచ్చిందా?

నాకు కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు సమజైందా? డ్యాన్సుకు కాదు. మా అన్న నన్ను కాదనుకున్నందుకు.

చీర నీ పెట్టెలనే ఉండనీ.

అలివేలు

*

వనపర్తి,
ఆశ్వయుజం, ఆదివారం

అలివేలమ్మా,

ఇది క్లాసు గదిలోనే కూర్చుని రాస్తున్నాను. మీ అన్న గోడకానుకుని కునుకు తీస్తున్నాడు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. తాగాడన్నారా? కల్లు వాసన కూడా పడని మనిషిని? ఆ మాట నీ చెవిలో పడ్డ రోజే నాకు చెప్పి ఉంటే! నువ్వు దాచావు, నేను దాచాను. అందరి ముందు ఆయన మాత్రం బదనాం అయ్యాడు.

జమ్ములమ్మ తల్లి గుడిలో నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు మీ అన్న. సంధ్య పెండ్లి అయ్యేదాకా ఎవరికీ నోట చెప్పనని. చెప్పలేదు. చెప్పను. కానీ నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి తల్లికి దీపం పెట్టిన ప్రతిసారీ అడుగుతున్నాను. రాయనని నేను ఒట్టు పెట్టలేదు కదా తల్లీ అని. ఆమె ఊరుకుంది. ఆమెది నా పేరే, నా మనసు ఆమెకు తెలుసు.

మీ అన్నకు పార్కిన్సన్స్ అనే జబ్బు. హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. మొదట కుడి చెయ్యి వణికింది. మగ్గంలో నాడె విసిరితే పడుగు పోగుల మధ్యలో ఆగిపోయేది. తర్వాత కాళ్ళు. నడుస్తూ నడుస్తూ నేలకు అతుక్కుపోతాయి. గడప దగ్గర, ఇరుకైన దారి దగ్గర మరీ. ఆయనకు రావాలని ఉంటుంది, పాదం లేవదు. నీ ఇంటి గడప మీద ఆ రోజు నిలబడిపోయింది కోపంతో కాదు. నువ్వు "రా అన్నా, రా అన్నా" అని పిలిచినకొద్దీ ఆయన చెమటతో తడిసిపోయాడు. నువ్వది చూడలేదు.

ఎందుకు దాచమన్నాడో విను. "అలివేలు బిడ్డకు సంబంధం కుదిరింది. మేనమామకు గీ రోగమంటే, రక్తంల ఉన్నదేమో అంటరు. నా పేరు చెప్పి పెండ్లి చెడొద్దు" అన్నాడు. పెండ్లి చెడగొట్టొద్దని తాగుబోతు అనిపించుకున్నాడు. నువ్వు ఆయన్నే తీసి పక్కన పెట్టావు. నాకు కోపం రాకూడదా?

యామిని ఇక్కడ ఫిజియోథెరపీ చేస్తుంది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు సరదాగా టాంగో నేర్చుకుందట. ఈ జబ్బున్నవాళ్ళకు ఆ నడక పనికొస్తుందని చదివి, మేడ మీద గది తీసుకుని మాలాంటి జంటలకు నేర్పుతోంది. "మందు మందే ఆంటీ, మానొద్దు. ఇది మందుకు తోడు" అని ముందే చెప్పింది. మేనమామ నడక నడవాలంటే తప్పదని మీ అన్నే నన్ను బలవంతంగా తీసుకొచ్చాడు. నేను కాదు ఆయన్ని తీసుకొచ్చింది. బుజ్జమ్మకు అది కూడా చెప్పు.

మొదటి రోజు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎదురెదురుగా నిలబడాలట. ఒకరి ఛాతీ ఒకరికి దగ్గరగా, ఆయన కుడి చెయ్యి నా వీపు మీద, ఎడమ చేతిలో నా చెయ్యి. అలివేలూ, పెండ్లయినప్పటి నుంచి మేము ఒకే మగ్గం గుంతలో పక్కపక్కన కూర్చున్నాం. కుప్పడం చీరకు ఇద్దరు కావాలని నీకు తెలుసు. నూలు ఒళ్ళు ఆయన నేస్తే, పట్టు అంచు పోగును నేను దానికి ముడేయాలి. ఆయన నాడె వస్తుంది, నేను "ఊఁ" అంటాను, నా నాడె పోతుంది. అన్ని చీరలు నేశాం గాని ఆయన ముఖం ఎదురుగా ఎప్పుడు చూశాను? పక్క నుంచే. ఆ రోజు ఎదురుగా చూస్తే ఆయన కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. "ఇదెప్పటిది?" అన్నాను. "పెండ్లికి ముంగటిది. ఇప్పుడు కనవడ్డదా నీకు?" అన్నాడు. యామిని పకపకా నవ్వింది.

పాట మొదలైంది. ఆయన ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. మళ్ళీ ఒకటి వేసి ఆగాడు. యామిని గాభరాగా వచ్చింది.

"ఆంటీ, అంకుల్ కాళ్ళు పట్టేస్తున్నాయా?"

"ఏం పట్టలేదు బిడ్డా. నా నాడె కోసం చూస్తుండు" అన్నాను.

నిజం. తన అడుగు పడ్డాక నేను "ఊఁ" అనాలి. అంటేనే తర్వాతి అడుగు. టాంగోలో మగవాడు నడిపిస్తాడు, ఆడది వెనక్కి అడుగేస్తూ వెంట పోవాలట. యామిని ఎంత చెప్పినా మీ అన్న వినలేదు. "జవాబు రాకుండ ముంగటికి పోతే చీర చెడిపోతది బిడ్డా" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు, కానీ నేను "ఊఁ" అన్నప్పుడల్లా ఆయన పాదం లేవడం చూసింది. ఇంక మమ్మల్ని మా దారిన వదిలేసింది.

ఆ పాటల గురించి కూడా చెప్పాలి. బాండోనియన్ అని ఒక పెట్టె వాయిద్యం ఉంటుంది. హార్మోనియం లాగే గాలితో పలుకుతుంది, ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా సాగదీసి మూస్తారట. మన భజనలో హార్మోనియం మనల్ని ముందుకు తోస్తుంది. ఇది కొంచెం పోయి ఆగి, వస్తున్నారా అని వెనక్కి చూస్తుంది. ఆ ఆగిన చోట ఆగితే మీ అన్నను ఎవరూ రోగి అనరు. అక్కడ అందరూ ఆగుతారు. ఊరు విడిచి ఓడలెక్కి పని కోసం వచ్చి, తిరిగి పోలేకపోయిన కూలీల వాడల్లో పుట్టిన పాటలని యామిని చెప్పింది. మన పాలమూరు నుంచి బొంబాయి పోయినవాళ్ళు గుర్తొచ్చారు. మాటలు ఒక్కటీ తెలియవు. కానీ కీర్తన వింటున్నట్టే ఉంటుంది నాకు. అది పాపమైతే ఆ పాపాన్ని దేవుడి దగ్గర నేనే చెప్పుకుంటాను, బుజ్జమ్మ ద్వారా కాదు.

దీనికి జవాబు ఇంటికి రాయకు. యామిని పేరున వనపర్తికి రాయి. మీ అన్న లేస్తున్నాడు.

జమ్ములమ్మ

*

నాగర్‌కర్నూల్,
కార్తీకం, సోమవారం

వదినె,

నీ కాగితం పట్టుకొని బాత్రూంల కూసోని ఏడ్చిన. ఇంట్ల ఇంకెక్కడ జాగ లేదు, అంత చుట్టాలే. ఏడుపైనంక కోపమొచ్చింది. మొదలు నీ మీద. ఒట్టు నీకు పెట్టించిండు, సరే. మా అన్న చెమటతోని తడిసిండని ఆనాడు నా చెయ్యి పట్టుకొని ఇటు చూడు అని సైగ చేయరాదా? తర్వాత నా మీద. పిలుసుకుంట నిలబడిన గాని పోయి చెయ్యి పట్టుకోలే.

ఇగ అందరి మీద. మా ఆడబిడ్డను పిలిచి "మా అన్న తాగిండని ఇంకోపారి అంటే నీకు పెండ్లిల చీర పెట్ట" అన్న. ఎందుకో చెప్పలే. దినేష్‌ను పిలిచి "తమ్ముడా, నువ్వు వడ్డన కాడ నిలబడు" అన్న. "నన్ను నిలబడుమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. నేనైతే అడగనే లేదక్కా" అన్నడు పాపం. బుజ్జమ్మకు ఫోన్ చేసిన. "మా అన్న మా వదినెను పట్టుకుంటే నీకెక్కడ నొప్పి లేసింది?" అన్న. టక్కున పెట్టేసింది. ఫోన్ మధ్యల పెట్టేస్తే ఎట్లుంటదో నాకు అప్పుడు తెల్సింది వదినె.

మా ఇంటాయనకు కూడ చెప్పలే. కానీ ఒక్క మాట రాస్తున్న, కాగితం మీద పెడుతున్న. మేనమామ చెయ్యి వణికిందని పెండ్లి ఆపేటోళ్ళైతే ఆ ఇంటికి నా బిడ్డ పోవుడే వద్దు. ఆపితే ఆపనీ. నా బిడ్డ చెయ్యి పట్టేది మా అన్ననే.

అన్నకు ఫోన్ చేసి "మాఘంల పెండ్లి, నువ్వు నడిపియ్యాలె" అని మాత్రం అంట. నాకు ఏం తెల్వనట్టే ఉంట.

ఫంక్షన్ హాల్ చూసొచ్చిన. ఇరుకు తలుపులున్నది వద్దన్న. వెడల్పుది చూసిన, గడప లేదు. అందరు "ఏందమ్మా గీమెకు తలుపుల పిచ్చి" అంటున్నరు. అననీ.

చీర పంపియ్యి.

నీ అలివేలు

*

గద్వాల,
మాఘం, పెండ్లి అయిన వారం

అలివేలమ్మా,

నువ్వు తలుపులన్నీ చూశావు, గడపలన్నీ చూశావు. పెండ్లి నాడు హాలు నడుమ పూల కమాను పెడతారని నీకూ తెలియదు, నాకూ తెలియదు. డెకరేషన్ వాళ్ళు పొద్దున వచ్చి కట్టారట. బంతిపూలతో, ఇద్దరు మనుషులు పట్టేంత ఇరుకుగా.

నువ్వు మండపం దగ్గర ఉన్నావు కాబట్టి ఇటు ఏం జరిగిందో రాస్తున్నాను. సంధ్య ఆయన నేసిన చీరలో వచ్చింది. మీ అన్న ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేను పక్కన. బాగానే నడిచాడు. యామిని చెప్పినట్టు మడమ ముందు, వేళ్ళు తర్వాత. కమాను కిందికి వచ్చేసరికి పాదాలు అతుక్కుపోయాయి.

బాజా వాళ్ళు వాయిస్తున్నారు. పెండ్లి చేసే అయ్యగారు మైకులో "పెండ్లికూతురును తీసుకురండి" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. వీడియో తీసేవాడు, "పెద్దాయనా, ముంగటికి నడువు, లైటు పోతుంది" అని అరిచాడు. ఆ మాట అన్నవాడి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. వెనక ఎవరో, "మల్ల మొదలైందిరా" అన్నారు. సంధ్య "మామా, నిలబడుదాం, ఏం తొందర లేదు" అంది. ఆమె నీ బిడ్డ అలివేలూ. మీ అన్న చెయ్యి సంధ్య గాజులను గలగలలాడించింది. ఆయన నా వైపు చూశాడు. పక్క నుంచి.

పక్కన ఉంటే లాభం లేదని అప్పుడు తెలిసింది. కొంగు నడుముకు దోపుకుని ఆయన ముందుకు పోయి, ఎదురెదురుగా నిలబడ్డాను. మండపానికి నా వీపు పెట్టాను. ఆయన కుడి చెయ్యి తీసుకుని నా వీపు మీద వేసుకున్నాను. భజన వాళ్ళందరూ రెండో వరసలో ఉన్నారు. బుజ్జమ్మ నోరు తెరిచి చూస్తోంది. చూడనీ. దగ్గరి నుంచే చూడనీ, డాబా ఎక్కే శ్రమ ఎందుకు?

నేను "ఊఁ" అన్నాను.

పాదం లేచింది. నేను వెనక్కి ఒక అడుగు, ఆయన ముందుకు ఒక అడుగు, పక్కన సంధ్య. బాజాలు వాళ్ళ పాట వాయించుకున్నాయి, మేము మా పాట నడిచాం. ఆగిన చోట ఆగాం, "ఊఁ" అన్న చోట కదిలాం. ఎటు పోతున్నానో నాకు కనిపించదు. మండపం ఎంత దూరమో తెలియదు. మెట్టు తగిలి పడతానేమోనని భయం. మీ అన్న కళ్ళల్లో మాత్రం చూస్తున్నాను, ఆ మచ్చ కింద.

అప్పుడు నా వీపుకు ఒక చెయ్యి తగిలింది. మీ అన్న చెయ్యి పక్కనే. "వదినె, మెట్టు" అన్నావు. అంతే.

మనం ఇన్నాళ్ళు ఎవరికి భయపడ్డామో తెలుసా? పెండ్లికొడుకు పెదనాన్న నన్ను పక్కకు పిలిచాడు. అడుగుతాడు, వంశంలో ఉందా అని అడుగుతాడు అనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. "అమ్మా, రెండో పంక్తి ఎప్పుడు కూసోబెడ్తరు?" అన్నాడు. వీళ్ళ కోసమా అలివేలూ మీ అన్న తాగుబోతు పేరు మోసింది! ఇంటికొచ్చి తలుచుకుని మళ్ళీ కోపం వచ్చింది, ఎప్పటిలా ఆలస్యంగా.

పెండ్లి అయింది కదా, మీ అన్నే ఇప్పుడు తన జబ్బు పేరు వాడకట్టులో చెప్పుకున్నాడు. నిన్న బుజ్జమ్మ తాళాలు తీసుకుని ఇంటికి వచ్చింది. "నాకేం ఎరుక వదినె, రోగమని చెప్తే అనేదాన్నా?" అంది. రోగముంటేనే మొగుని పట్టుకోవచ్చా అని అడిగాను. తాళాలు నా ముందుకు జరిపింది. నేను తీసుకోలేదు. "అందరి ముందర తీసుకున్నవ్, అందరి ముందరనే ఇయ్యి" అన్నాను. గొంతు పెంచలేదు. చాయ్ తాగి పోయింది. వచ్చే ఆదివారం వనపర్తికి పోతున్నాం. కాళ్ళ అంచుతో నేల మీద ముగ్గు మెలికలా తిప్పే అడుగు నేర్పుతానంది యామిని.

ఇక అసలు సంగతి. పెండ్లి నుంచి బస్సులో వస్తుంటే మీ అన్న, "చూసినవా నా చెల్లెను?" అన్నాడు. "దానికేం తెల్వదు. ఎవ్వరు చెప్పలే. నాకేమైందో అడగకుండనే ఉరికొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది." నా వైపు తిరిగి, "నువ్వు నోట చెప్పలేదు గద?" అన్నాడు. లేదన్నాను. అది నిజం. ఆయన ముఖంలో ఆ సంతోషం, మగ్గం ఆగినప్పటి నుంచి నేను చూడలేదు. అప్పటి నుంచి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్తున్నాడు. "నా చెల్లె ఏం తెల్వకుండనే."

కాబట్టి ఈ కాగితాలు ఆయన కంట పడనియ్యకు. సంధ్యకు కూడా చూపించకు, ఆమె ఒకరోజు ప్రేమకొద్దీ మామకు చెప్పేస్తుంది. అట్లని చింపకు. చీరల మడతల్లో ఎక్కడైనా పెట్టు. నా జన్మలో నాకు కోపం వచ్చిందని తెలిసింది వీటికి, నీకు మాత్రమే. ఉండనీ.

మీ వదిన,
జమ్ములమ్మ